మేస్త్రీ లేని కట్టడం

కోల్‌కతాకు తూర్పున ఒకప్పుడు ఉప్పునీటి పల్లపు నేలలు ఉండేవి. 1962 ఏప్రిల్‌లో వాటిని పూడ్చే పని మొదలైంది. హుగ్లీ నది అడుగున పేరుకున్న ఒండ్రును తవ్వి, నీళ్లతో కలిపి, పొడవాటి పైపుల్లో పారించి ఆ పల్లంలోకి వదిలారు. నీళ్లు పోయి ఒండ్రు మిగిలింది. యుగోస్లావియా నుంచి వచ్చిన వాస్తుశిల్పి దొబ్రివోయే తోష్కోవిచ్ గీసిన పటం ప్రకారం ఆ ఒండ్రు మీద రోడ్లు వేశారు, పార్కులు వదిలారు, బ్లాకులకు ఏఏ, ఏబీ, ఏసీ అని ఇంగ్లిషు అక్షరాలే పేర్లుగా పెట్టారు. ఆ ఊరిని తలపెట్టిన ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పేరు మీద అది బిధాన్‌నగర్ అయింది. జనం నోట మాత్రం నేటికీ సాల్ట్ లేకే.

సాల్ట్ లేక్‌లో ప్రతి వీధీ ముందు కాగితం మీద పుట్టి, తరవాత నేల మీదికి దిగింది. మెదడు అలా పుట్టదు. తల్లి కడుపులో మూడో వారంలో పిండం వీపు వైపు ఒక పలుచటి కణాల పొర ఏర్పడుతుంది. అది మడతపడి గొట్టమవుతుంది. ఆ గొట్టం ముందు కొస ఉబ్బి, వంగి, పొరలు పొరలుగా పెరిగి మెదడవుతుంది. పటం పట్టుకుని పక్కన నిలబడి చెప్పే మేస్త్రీ ఎవరూ లేరు. ప్రతి కణమూ తన పక్క కణాలు పంపే సంకేతాలను అందుకుని, తన లోపలి జన్యువుల్లో ఏవి విప్పాలో ఏవి మూయాలో తేల్చుకుంటుంది. ఆ చిన్న చిన్న నిర్ణయాలన్నీ కలిసి పెద్దవాళ్ల మెదడులో 8,600 కోట్ల న్యూరాన్ల అమరిక అవుతాయి.

ఆ కట్టడం మొదటి దశలను కడుపు బయట, ప్లాస్టిక్ పళ్లెంలో, బఠానీ గింజంత పరిమాణంలో మళ్లీ జరిగేలా చేయడం ఈ 20 ఏళ్లలో సాధ్యమైంది. అలా పెంచిన కణజాలాన్ని శాస్త్రవేత్తలు బ్రెయిన్ ఆర్గనాయిడ్ అంటారు. ఈ అధ్యాయంలో మనం దాన్ని మెదడు మొలక అందాం. దాన్ని ఎందుకు పెంచవలసి వచ్చిందో తెలియాలంటే ముందు సాల్ట్ లేక్‌లోని ఏఎఫ్ బ్లాకుకు వెళ్లాలి.

ఒకే మాటను పదే పదే పలికే జన్యువు

ఏఎఫ్ బ్లాకులో సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్ ఉంది. మేఘనాద్ సాహా స్థాపించిన సంస్థ అది. సాల్ట్ లేక్ ఇంకా పుట్టకముందే, 1950 జనవరిలో, నగరంలో మరోచోట ఐరీన్ జోలియో క్యూరీ దానికి ప్రారంభోత్సవం చేశారు. పేరులో అణు భౌతికశాస్త్రం ఉన్నా, అక్కడ జీవశాస్త్ర పరిశోధన కూడా జరుగుతుంది. నితాయ్ పద భట్టాచార్య, దేవాశిష్ ముఖోపాధ్యాయ్ వంటివారు అక్కడ ఏళ్ల తరబడి హంటింగ్టన్ వ్యాధి మీద పని చేశారు.

1872లో జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికా వైద్యుడు వర్ణించిన వ్యాధి ఇది. సాధారణంగా ముప్ఫై, యాభై ఏళ్ల మధ్య బయటపడుతుంది. చేతులూ కాళ్లూ మనిషి ప్రమేయం లేకుండా కదులుతుంటాయి. కోపం, దిగులు పెరుగుతాయి. జ్ఞాపకం, ఆలోచన మెల్లగా సడలిపోతాయి. తల్లిలోనో తండ్రిలోనో ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగానికి సగం అవకాశం ఉంటుంది. రోగం బయటపడేసరికి చాలామందికి పిల్లలు పుట్టేసి ఉంటారు. అందుకే ఆ కుటుంబాల్లో ఒకరి జబ్బు ఒకరితో ఆగదు.

కారణం 1993లో దొరికింది. నాలుగో క్రోమోజోమ్ మీద హంటింగ్టిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు ఉంది. దానిలో సీ, ఏ, జీ అనే మూడు అక్షరాల మాట వరసగా పునరుక్తమవుతుంది. ఆ మాటకు అర్థం ‘గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని చేర్చు’ అని. చాలామందిలో ఈ పునరుక్తి 35కు లోపలే ఉంటుంది. 40 గాని అంతకు మించి గాని ఉంటే, మనిషి తగినంత కాలం బతికితే వ్యాధి తప్పదు. పొడవాటి గ్లుటమిన్ తోకతో తయారైన ప్రోటీన్ కణంలో ముద్దలు కడుతుంది. మెదడు లోతున ఉండే స్ట్రయేటమ్ అనే భాగంలోని న్యూరాన్లు ముందుగా చచ్చిపోతాయి.

సాహా ఇన్‌స్టిట్యూట్ బృందం హంటింగ్టిన్‌తో జత కట్టే మరో ప్రోటీన్‌ను పట్టుకుని పరిశీలించింది. దాని పేరు హెచ్‌వైపీకే. కణంలో ఇతర ప్రోటీన్లు సరిగా మడతపడేలా సాయం చేసే తోడు ప్రోటీన్ లాంటిది అది. 40 గ్లుటమిన్ల తోక ఉన్న హంటింగ్టిన్ ముక్కను కణాల్లో తయారయ్యేలా చేసి, హెచ్‌వైపీకేని పెంచితే ముద్దలు తగ్గాయి, కణాల చావులు కూడా తగ్గాయి. 2008లో హ్యూమన్ మాలిక్యులర్ జెనెటిక్స్ అనే పత్రికలో ఆ ఫలితం వచ్చింది.

ఆ ప్రయోగం చేసింది న్యూరో2ఏ కణాల్లో. అవి ఎలుక నాడీకణితి నుంచి వచ్చిన కణాలు. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు వాటిని వాడతాయి. వాటిని పెంచడం తేలిక, ఫలితం త్వరగా కనిపిస్తుంది. వ్యాధి మాత్రం మనిషిది. నలభై ఏళ్లపాటు మెదడు లోతులో నెమ్మదిగా రగిలేది. కాలేయం సంగతి తెలియకపోతే సూదితో చిన్న ముక్క తీసి చూస్తారు. మూత్రపిండమైనా అంతే. బతికున్న మనిషి స్ట్రయేటమ్ నుంచి పరిశోధన కోసం ముక్క తీసే ప్రసక్తే లేదు. చనిపోయాక దానం చేసిన మెదడును చూస్తే అది కాలిపోయిన ఇంటిని చూసినట్టే. బూడిద కనిపిస్తుంది, నిప్పు ఎక్కడ అంటుకుందో కనిపించదు.

ఆ రోగి మెదడు మొదట్లో ఎలా తయారైందో మళ్లీ చూడగలిగితే? అలా చూడాలంటే కాలాన్ని వెనక్కి తిప్పుకోగల కణం కావాలి.

వెనక్కి నడిచిన కణం

పిండం మొదటి కణాలకు శరీరంలో ఏ భాగమైనా అయ్యే శక్తి ఉంటుంది. ఆ దశ పిండాన్ని కడుపు బయట పెట్టి కాపాడడంలో కోల్‌కతాది పెద్ద చరిత్ర. 1978 అక్టోబర్ 3న, ప్రపంచంలో తొలి టెస్ట్ ట్యూబ్ శిశువు ఇంగ్లండులో పుట్టిన 70 రోజులకే, కోల్‌కతాలో ఒక పాప పుట్టింది. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ బృందం చేసిన పని అది. ఎనిమిది కణాల దశలో ఉన్న పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి దాచి, కరిగించి, తల్లి గర్భంలో పెట్టామని వాళ్లు చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ నమ్మలేదు. ఆయన పనికి, ప్రయాణాలకు అడ్డుపడ్డారు. 1981 జూన్‌లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1997లో ఆయన కాగితాలు చదివిన డాక్టర్ టి.సి. ఆనంద్ కుమార్, అప్పటిదాకా తన పేరు మీద ఉన్న, మన దేశపు తొలి టెస్ట్ ట్యూబ్ శిశువును సృష్టించిన ఘనత తనది కాదు, సుభాష్ ముఖోపాధ్యాయ్‌దే అని బహిరంగంగా చెప్పారు. ఆ ఒక్క నిజాయితీ ఈ కథలో మనం గుర్తుంచుకోవలసిన దీపం. సుభాష్ సమకాలికుడు డాక్టర్ బైద్యనాథ్ చక్రవర్తి తరవాత సాల్ట్ లేక్‌లోనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిప్రొడక్టివ్ మెడిసిన్ స్థాపించి ఆ విద్యను కొనసాగించారు.

ఇలాంటి చికిత్సల్లో దంపతులకు ఇక అవసరం లేని పిండాలు మిగులుతాయి. వాళ్లు అనుమతించి దానం చేసిన అలాంటి పిండాల నుంచే 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ మానవ పిండ మూలకణాలను తొలిసారి వేరుచేసి పెంచారు. మన దేశంలో బెంగళూరులోని జవాహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో మనీషా ఇనామ్‌దార్ బృందం కూడా దానంగా వచ్చిన పిండాల నుంచి మూలకణాల వరసలను తయారు చేసింది.

పిండ మూలకణాలతో రెండు చిక్కులున్నాయి. పిండం నశిస్తుందన్న నైతిక అభ్యంతరం ఒకటి. రెండోది, ఆ పిండం మన హంటింగ్టన్ రోగిది కాదు. ఈ రెండు చిక్కులనూ జపాన్‌లోని క్యోటోలో షిన్యా యమనాకా ఒకే దెబ్బకు విప్పారు. పిండ మూలకణాల్లో చురుగ్గా ఉండే 24 జన్యువులను తీసుకుని, ఎలుక చర్మ కణాల్లోకి పంపి, ఒక్కొక్కటీ తీసేస్తూ చూశారు. చివరికి నాలుగు చాలని తేలింది. ఆ నాలుగింటితో చర్మ కణం తన చర్మపు గుర్తులన్నీ మరిచి, పిండ దశకు తిరిగి వెళ్లింది. ఎలుకల్లో ఇది 2006 మాట, మనుషుల్లో 2007. ఈ కణాలకే ఐపీఎస్ కణాలని పేరు. కణానికి ఇలా వెనక్కి వెళ్లే దారి ఉందని కప్పల మీద 1962లోనే చూపిన జాన్ గుర్డన్‌తో కలిపి యమనాకాకు 2012లో నోబెల్ వచ్చింది.

రోగి చేతి నుంచి కాస్త రక్తమో, చిటికెడు చర్మమో చాలు. అతని జన్యువులే, అతని సీఏజీ పునరుక్తులే ఉన్న మూలకణాలు ప్రయోగశాలలో సిద్ధమవుతాయి. ఇప్పుడు వాటిని మెదడుగా మొలకెత్తించాలి.

తోడుపెట్టిన గిన్నె

పని ఒక చల్లటి గదిలో, గాలిని వడకట్టే గాజు అలమార ముందు మొదలవుతుంది. మూలకణాలను ఒకదాని నుంచి ఒకటి విడదీసి, దాదాపు 9,000 కణాలను ఒక్కో గుంటలో వేస్తారు. ఆ గుంటల అడుగు గిన్నెలా గుండ్రంగా, కణాలు అతుక్కోలేనంత నున్నగా ఉంటుంది. అంటుకోవడానికి గోడ లేకపోవడంతో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెండు రోజుల్లో చిన్న బంతి తయారవుతుంది. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వెచ్చదనం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. మన ఒంటి వేడి అదే.

ఐదారు రోజులకు పోషకద్రవం మారుస్తారు. ఇక్కడే జపాన్ శాస్త్రవేత్త యోషికి ససాయ్ పట్టిన రహస్యం ఉంది. మూలకణాన్ని మెదడు కణం చేయాలంటే దానికి ఏదో బలమైన ఆజ్ఞ ఇవ్వాలని మనం అనుకుంటాం. నిజానికి చర్మం కమ్మనీ కండరం కమ్మనీ చెప్పే సంకేతాలను దూరంగా ఉంచితే, ఆ కణం తనంతట తాను నాడీకణం దారి పడుతుంది. చెప్పడం తగ్గించిన కొద్దీ అది తనకు తెలిసినది చేసుకుపోతుంది.

దాదాపు 11వ రోజున ప్రతి బంతినీ మ్యాట్రిజెల్ అనే జిగురు బొట్టులో పొదుగుతారు. ఒక రకం ఎలుక కణితి నుంచి తీసే ఆ జిగురులో, కణాలను చుట్టి ఉండే సహజమైన ప్రోటీన్ల పీచు ఉంటుంది. ఆ తరవాత నాలుగు రోజులు పళ్లేన్ని కదపరు. పాలు తోడుపెట్టాక గిన్నె కదపొద్దని మన ఇళ్లలో చెప్పేది ఇక్కడ కూడా చెల్లుతుంది. బంతి అంచుల్లో పారదర్శకమైన మొగ్గలు పొడుచుకొస్తాయి. ఒక్కో మొగ్గ లోపల ద్రవం నిండిన బోలు ఉంటుంది. అది పిండంలో మెదడు గొట్టానికి నకలు.

ఆపైన పళ్లెం మెల్లగా తిరుగుతూ ఉండాలి. రక్తం లేదు కనుక పోషకమూ ఆక్సిజనూ చుట్టూ ఉన్న ద్రవం నుంచే అందాలి. 20 నుంచి 30 రోజులకు మెదడు భాగాలను గుర్తుపట్టవచ్చు. రెండు నెలలకు మొలక 4 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. దాన్ని కోసి రంగులు పట్టించి చూస్తే, లోపలి బోలు అంచున విభజన చెందే మాతృకణాలు, వాటి నుంచి పుట్టి బయటికి నడిచి వెళ్లి పొరలు కట్టిన న్యూరాన్లు కనిపిస్తాయి. పుట్టబోయే బిడ్డ మెదడు వల్కలంలో, అంటే మెదడు పై పొరలో, ఏ వరుసలో జరుగుతుందో ఆ వరుసలోనే.

2013లో వియన్నాలో యుర్గెన్ క్నోబ్లిష్ ప్రయోగశాలలో మాడలిన్ లాంకాస్టర్ ఈ పద్ధతిని లోకానికి చూపించారు. అసలు ఆమె పళ్లేనికి అతుక్కునే నాడీకణాలు పెంచబోయారు. అవి అతుక్కోకుండా తేలుతూ తెల్లటి బంతులయ్యాయి. పారేయకుండా పరీక్షగా చూస్తే ఒక బంతిలో నల్లటి చుక్క ఉంది. అది కంటి రెటీనాకు చెందిన రంగు కణాల గుంపు. ఆ చుక్కను పట్టించుకోవడంతోనే ఈ విద్య మొదలైంది.

ఇందులో నన్ను ఎప్పుడూ కదిలించేది వేగం. చిట్టెలుక మెదడు వల్కలంలో న్యూరాన్లు పుట్టే పని దాదాపు వారంలో ముగుస్తుంది. మనిషిలో అదే పనికి నెలలు పడుతుంది. మానవ కణాలతో పెంచిన మొలక కూడా ఆ నెలలే తీసుకుంటుంది. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో 250 నుంచి 300 రోజులు పెంచిన మొలకల్లో జన్యువుల పనితీరు, పుట్టిన బిడ్డ మెదడులో వచ్చే మార్పుల వైపు తిరిగింది. తల్లి లేదు, గర్భం లేదు, పగలూ రాత్రీ తెలియదు. అయినా నవమాసాల గడియారం ఆ కణాల్లోనే నడుస్తోంది.

మొలకలు చెప్పిన సంగతులు

లాంకాస్టర్ బృందం తొలి ప్రయోగంలోనే ఒక రోగి కణాలను వాడింది. మెదడు, తల చాలా చిన్నవిగా ఉండే మైక్రోసెఫలీ ఆ రోగిది. ఎలుకల్లో ఆ రోగానికి కారణమైన జన్యువును చెడగొడితే తల అంతగా చిన్నబోలేదు. రోగి కణాలతో పెంచిన మొలకలు మాత్రం చిన్నవిగానే పెరిగాయి. కారణం కూడా కనిపించింది. మాతృకణాలు తమ సంఖ్యను పెంచుకోకముందే తొందరపడి న్యూరాన్లుగా మారిపోతున్నాయి. విత్తనాలకు ఉంచవలసిన గింజలను ముందే వండుకు తిన్న రైతు ఇంటి పరిస్థితి అది.

2015లో బ్రెజిల్‌లో చిన్న తలలతో పిల్లలు పుట్టడం పెరిగినప్పుడు జికా వైరస్ మీద అనుమానం పడింది. 2016 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. వైరస్ దోషి అనడానికి రుజువు కావాలి. గర్భిణుల మీద ప్రయోగం చేయలేరు. బ్రెజిల్ శాస్త్రవేత్తలు మెదడు మొలకలకు వైరస్ సోకించారు. సోకని మొలకలతో పోలిస్తే అవి 40 శాతం తక్కువగా పెరిగాయి. వైరస్ వెతికి పట్టుకున్నది మాతృకణాలనే. అత్యవసర ప్రకటన వచ్చిన కొద్ది నెలల్లోనే ఈ ఫలితం అచ్చయింది.

ఇది మనకు దూరపు కథ కాదు. జికా మన దేశానికీ వచ్చింది: 2018లో జైపూర్, 2021లో కేరళ. దాని దగ్గరి చుట్టం జపనీస్ ఎన్‌సెఫలైటిస్. 1973లో పశ్చిమ బెంగాల్‌లోని బాంకురా, బర్ద్వాన్ జిల్లాల్లో అది పెద్ద ఎత్తున విరుచుకుపడింది. తెలుగు జిల్లాల్లో మెదడువాపు వ్యాధి అంటే పిల్లల తల్లిదండ్రులకు ఎంత భయమో చెప్పనక్కరలేదు. ఆ వైరస్ కూడా నాడీ మాతృకణాల్లోకి చొరబడి వాటి విభజనను తగ్గిస్తుందని మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2008లో ఎలుకల్లో చూపించింది. ఎలుకలో చూసినదాన్ని మానవ కణజాలంలో సరిచూసుకునే చోటు ఇప్పుడు మొలకే.

ఇక హంటింగ్టన్. ఇటలీలోని మిలాన్‌లో ఎలేనా కత్తానేయో బృందం 2018లో హంటింగ్టన్ పునరుక్తులున్న కణాలతో మొలకలు పెంచింది. పొడవైన పునరుక్తులున్న మొలకల్లో కణాల అమరికే చెదిరింది, న్యూరాన్లుగా మారే పని దారి తప్పింది. నలభై ఏళ్లకు బయటపడే రోగానికి, మెదడు కట్టుబడి మొదలైనప్పుడే గోడలో పగులు ఉండవచ్చని ఇది సూచించింది. సాల్ట్ లేక్‌లో ఎలుక కణితి కణాల్లో అడిగిన ప్రశ్నే ఇది: ఈ ప్రోటీన్ చేసే చేటును ఎక్కడ, ఎప్పుడు ఆపవచ్చు? ప్రశ్న పాతదే. అడిగే చోటు రోగికి దగ్గరైంది.

దగ్గరైతే ఏం లాభమో స్టాన్‌ఫోర్డ్‌లో సెర్జు పాష్కా బృందం చూపిస్తోంది. టిమొతి సిండ్రోమ్ అనే అరుదైన జన్యు వ్యాధి ఉన్న పిల్లల కణాలతో మొలకలు పెంచి లోపాన్ని పట్టుకున్నారు. ఆ లోపాన్ని సరిదిద్దే చిన్న జన్యు ముక్కను రూపొందించి, అది రోగుల కణాల్లో పనిచేస్తుందని 2024లో ప్రకటించారు. ఆ వ్యాధికి మందు వెతకడానికి సరిపడా రోగులు ప్రపంచంలో లేరు. మొలకలు ఆ లోటు తీర్చాయి.

రోడ్లూ నీళ్లూ లేని కాలనీ

ఇంతవరకూ చదివాక, గిన్నెలో మెదడు పెరుగుతోందని అనుకోవడం సహజం. అది పొరపాటు.

సాల్ట్ లేక్‌లో ఒండ్రు నింపినంత మాత్రాన ఊరు కాలేదు. మంచినీళ్లు, మురుగు కాలవలు, బస్సులు, బజారు వచ్చాక ఊరైంది. మెదడు మొలకలో ఇళ్లు ఉన్నాయి, మిగతావేవీ లేవు. రక్తనాళాలు లేవు. అందుకే మొలక పెరిగిన కొద్దీ నడిమి కణాలు ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి. మెదడును కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు సాధారణంగా ఉండవు, ఎందుకంటే అవి వేరే మూలం నుంచి వచ్చి మెదడులో చేరేవి. కంటి నుంచి, చెవి నుంచి, చర్మం నుంచి ఏ కబురూ రాదు. ఒకే పళ్లెంలో, ఒకే రోజు వేసిన రెండు మొలకలు కూడా ఒకేలా పెరగవు. తోడు ఒకటే అయినా రెండు గిన్నెల పెరుగు ఒకలా తోడుకోనట్టే. ఒక్క మొలకను చూసి తీర్పు చెప్పకూడదు, పదుల కొద్దీ పోల్చాలి. వయసు సమస్య ఇంకా పెద్దది. ఏడాది పెంచినా అది బిడ్డ మెదడు దశ చుట్టుపక్కలే ఉంటుంది. డెబ్భై ఏళ్లకు వచ్చే అల్జైమర్స్‌ను అందులో పూర్తిగా చూడలేం.

మరి దానికి నొప్పి తెలుస్తుందా? ఆలోచన ఉంటుందా? న్యూరాన్లు విద్యుత్ సంకేతాలు పంపుకుంటాయి, అది నిజం. 2022లో మెల్‌బోర్న్‌లోని కార్టికల్ ల్యాబ్స్ సంస్థ ఎలక్ట్రోడ్ల పలక మీద సుమారు 8 లక్షల న్యూరాన్లను పరిచి, పాంగ్ అనే పాత వీడియో ఆటలో బంతికి స్పందించేలా చేసింది. పత్రికలు దాన్ని ఆలోచించే మెదడుగా రాశాయి. అవి మొలకలు కూడా కావు, పలక మీద పరిచిన కణాల పొర. సంకేతానికి స్పందించడం, అనుభవించడం ఒకటి కావు. ఇప్పటి మొలకల పరిమాణంలో, అమరికలో అనుభవం ఉందనడానికి ఆధారం లేదు.

అయినా ఈ ప్రశ్నను పక్కకు నెట్టేయకూడదు. అదే 2022లో పాష్కా బృందం మానవ మొలకలను పసి ఎలుకల మెదడులో నాటింది. నారుమడిలోంచి తీసి పొలంలో నాటిన నారులా అవి వేళ్లూనుకున్నాయి. ఎలుక రక్తనాళాలు వాటిలోకి పాకాయి, న్యూరాన్లు పళ్లెంలో కంటే ఎన్నో రెట్లు పెద్దవయ్యాయి. ఎలుక మీసాలను తాకితే మానవ న్యూరాన్లు స్పందించాయి. ఈ దారిలో ఎంత దూరం వెళ్లవచ్చన్నది ప్రయోగశాల తలుపులు మూసి తేల్చుకునే విషయం కాదు. సమాజం తెలుసుకుని, చర్చించి, హద్దు గీయాలి.

హైదరాబాద్ చూపు

లాంకాస్టర్ చూసిన నల్లటి చుక్కను గుర్తుచేసుకోండి. మెదడు పెంచబోతే కన్ను ఎందుకు మొలిచింది? పిండంలో కంటి రెటీనా మెదడు ముందు భాగం నుంచే బుడగలా పొడుచుకొస్తుంది. రెటీనా అంటే ముఖంలోకి తొంగిచూసే మెదడు. 2011లో ససాయ్ బృందం ఎలుక మూలకణాలు తమంతట తామే కంటి గిన్నె ఆకారం కట్టుకోవడం చూపింది. 2021లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో జయ్ గోపాలకృష్ణన్ బృందం పెంచిన మెదడు మొలకలు, వెలుగుకు స్పందించే రెండు కంటి బుడగలను మొలిపించాయి.

హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు ఈ పని కొత్త కాదు. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఆ సంస్థ, కంటి అంచున ఉండే మూలకణాలతో కార్నియా దెబ్బతిన్నవారికి చూపు తెప్పించే చికిత్సను ఈ శతాబ్దం మొదట్లోనే చేపట్టింది. 2017లో అక్కడి ఇందుమతి మారియప్పన్ బృందం మానవ ఐపీఎస్ కణాల నుంచి చిన్న కార్నియా మొలకలను పెంచి డెవలప్‌మెంట్ పత్రికలో వివరించింది. కంటి తొలి రూపంలా ఉండే కణ గుంపులు ముందుగా ఏర్పడతాయి. వాటిలోంచే రెటీనా కణజాలమూ, కార్నియా మొలకలూ వస్తాయి. వంశపారంపర్య రెటీనా జబ్బులున్న కుటుంబాలు తెలుగు రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి. మేనరికాలు ఎక్కువైన చోట అవి మరీ ఎక్కువ. ఆ కుటుంబాల జన్యు మార్పులను వేరే దేశపు కణాల్లో వెతికితే దొరకకపోవచ్చు. మన రోగుల కణాలతో మన ప్రయోగశాలల్లో పెంచిన మొలకలే చెప్పాలి.

మందుల పరిశ్రమకూ దీనితో పని ఉంది. 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలను సవరించింది. జంతువుల మీద పరీక్షలకు బదులుగా ఆర్గనాయిడ్లు, చిప్ మీద అవయవాలు వంటి పద్ధతులను కూడా వాడేందుకు ఆ సవరణ దారి తీసింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఆవరణలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో ఇలాంటి మానవ కణ నమూనాల కోసమే ఒక కేంద్రం ఏర్పాటైంది. మందులు చేసే నగరానికి మందులను మానవ కణజాలంలో పరీక్షించే నేర్పు కూడా రావాలి.

ఒక గొట్టం రక్తం, ఒక సంతకం

మూలకణాలు అనే మాటకు మన దేశంలో మరో బజారు ఉంది. ఆటిజం ఉన్న పిల్లలకు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు, వెన్ను దెబ్బతిన్నవారికి మూలకణాలు ఎక్కించి నయం చేస్తామని లక్షలు అడిగే క్లినిక్కులు ఉన్నాయి. పొలమో పుస్తెలో అమ్మి అక్కడికి వెళ్లే తల్లిదండ్రులు ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. ఎముక మూలుగ మార్పిడి వంటి రక్త సంబంధ వ్యాధుల చికిత్స తప్ప, మూలకణాల వాడకం ఇంకా పరిశోధన దశలోదే. దాన్ని అనుమతి పొందిన ట్రయల్‌లోనే చేయాలి. పరిశోధనలో పాల్గొనేవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

మెదడు మొలకలు ఆ బజారు సరుకు కావు. వాటిని తెచ్చి ఎవరి మెదడులోనూ అతికించరు. అవి రోగం ఎలా మొదలవుతుందో చూపే కిటికీ, మందును మనిషికి ఇచ్చే ముందు పరీక్షించే గది. ఈ తేడా తెలిసిన కుటుంబాన్ని ఎవరూ మోసం చేయలేరు. అందుకే ఈ అధ్యాయం రాశాను.

మీ ఇంట్లో వంశపారంపర్య నాడీ వ్యాధి ఉండి, ఎప్పుడైనా ఒక పరిశోధన సంస్థ మీ రక్తమో చర్మమో అడిగితే, సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. నా కణాలతో ఏం పెంచుతారు? వాటిని ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరికి ఇస్తారు? జంతువులో నాటుతారా? నేను వద్దంటే ఆపుతారా? జవాబులు మీకు అర్థమయ్యే భాషలో, తెలుగులో, చెప్పమనండి. చెప్పినవారికి ఇవ్వండి. హంటింగ్టన్ జన్యువు 1993లో దొరికింది కూడా వెనిజులా పల్లెల్లో వ్యాధితో బతుకుతున్న కుటుంబాలు రక్తం ఇవ్వడం వల్లనే.

కణాలకు కట్టడం తెలుసు. చూడడం శాస్త్రవేత్తలకు తెలుసు. ఆ రెండింటినీ కలపడానికి కావలసింది మన చేతి నుంచి ఒక చిన్న గొట్టం రక్తం, చదివి అర్థం చేసుకుని మనం పెట్టే ఒక సంతకం.